ఎడారి సీమకు దారి వేసిన సేవకుడు: రెవ. జాన్ ఫ్లిన్

ఈ శతవార్షికోత్సవ సమయమున మన ప్రాంతపు సేవకులనే గాక, దూరదేశములలో దారి లేని చోట్ల దారి వేసిన వారిని కూడ మనము జ్ఞాపకము చేసికొనుట మేలు. అట్టి వారిలో ఆస్ట్రేలియాకు చెందిన రెవ. జాన్ ఫ్లిన్ గారు ఒకరు.

వీరు 1880 నవంబరు 25న విక్టోరియా ప్రాంతపు మోలియాగుల్ అను ఊరిలో జన్మించారు. తండ్రిగారు బడిపంతులు. తల్లిగారు వీరి పసితనమందే మరణించారు. కొంతకాలము ఉపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట ప్రెస్బిటీరియన్ సంఘ పరిచర్యకు తమను అప్పగించుకొన్నారు. 1910లో లోతట్టు ప్రాంతపు బాటసారుల కొరకు ప్రథమ చికిత్స మొదలు భూస్థాపన ప్రార్థనల వరకు గల ఒక చిన్న పుస్తకమును వెలువరించారు. అచ్చట మనిషికి ఆ రెండును అవసరమే! 1911లో గురువుగా అభిషేకము పొంది దక్షిణ ఆస్ట్రేలియాలోని బెల్టానాకు వెళ్లారు.

ఆ సీమయందు ఒక పశువుల స్థావరమునకు, మరియొక దానికి నడుమ రోజుల ప్రయాణము. రైలు ఆగిన చోటు నుండి ఒంటెల బిడారులే ఆధారము. ఆ ఒంటెలలో అనేకము మన ఉపఖండపు కరాచీ రేవు నుండి ఓడలలో వెళ్లినవే. 1912లో ఫ్లిన్ గారి నివేదిక ఫలితముగా ఆస్ట్రేలియన్ ఇన్లాండ్ మిషను ఏర్పడగా, వారే దానికి మొదటి సూపరింటెండెంటు అయ్యారు. సంచార గురువులు ఒంటెలపై నెలల తరబడి తిరుగుచు వివాహములు, బాప్తిస్మములు జరిపి, ఉత్తరములు, పుస్తకములు అందించేవారు. నర్సులతో చిన్న వైద్యశాలలు వెలసినవి.

అయినను దూరము ప్రాణములు తీయుచునే యుండెను. 1917లో హాల్స్ క్రీక్ వద్ద జిమ్మీ డార్సీ అను పశువుల కాపరి గుర్రముపై నుండి పడి గాయపడెను. వైద్యుడు లేడు. పెర్త్ నగరపు డాక్టరు తంతివార్తల ద్వారా చెప్పుచుండగా పోస్టుమాస్టరు చిన్న చాకుతో శస్త్రచికిత్స చేసెను. డాక్టరు ఓడపై డెర్బీ రేవుకు, అచ్చట నుండి కారులో ఎడారి దాటి వచ్చునప్పటికి డార్సీ మరణించి ఒక దినమైనది. ఆ వార్త దేశమును కదిలించెను.

అదే కాలమున క్లిఫర్డ్ పీల్ అను యువ వైమానికుడు, వైద్యునికి విమానము ఎట్లు ఉపయోగపడునో ఫ్లిన్ గారికి వ్రాసెను. 1918లో అతడు యుద్ధములో మరణించెను గాని, ఆ ఆలోచన మరణించలేదు. పది సంవత్సరముల ప్రయాస తరువాత, 1928 మే 17న క్లాన్‌కర్రీ నుండి మొదటి వైద్య విమానము లేచినది. అయితే రోగి పిలుపు వైద్యునికి చేరుటెట్లు? ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను ఇంజనీరు, సైకిలు వలె కాళ్లతో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోను తయారుచేసి 1929 నుండి స్థావరములకు అందించెను. దానితో ఒంటరి ఇండ్లకు మాట వచ్చినది.

1951 మే 5న ఫ్లిన్ గారు సిడ్నీలో ప్రభువునందు నిద్రించారు. వారి అస్థికలు ఆలిస్ స్ప్రింగ్స్ సమీపమున ఉంచబడినవి.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. వారి మిషను ముఖ్యముగా వలసవచ్చిన తెల్లవారి అక్కరలనే చూచినది. ఆ నేల యొక్క ఆదివాసులకు తగిన స్థానము దొరకలేదు. వారి సమాధిపై నిలిపిన పెద్ద బండ సైతము, ఆదివాసులకు పవిత్రమైన కార్లూ కార్లూ నుండి వారి సమ్మతి లేకయే తెచ్చినది. 1999లో అది తిరిగి స్వస్థలము చేరెను. అప్పుడు స్థానిక అరెంటె ప్రజలు దానికి బదులుగా మరియొక బండను ఇచ్చారు. ఈ క్షమాగుణము మనకు గొప్ప పాఠము.

మన పెద్దలును ఎడ్లబండ్లపై, పడవలపై తిరిగి పరిచర్య చేసినవారే. వారి బండ్లు చేరిన ఊళ్లను లెక్కించుకొని సంతోషించు మనము, చేరని గూడెములను కూడ లెక్కించుదుము గాక.