తాండూరు కందిపప్పుకు, డెన్మార్క్ బీరుకు లింకేంటి? ఫ్యాక్టరీని కొడుక్కి ఇవ్వకుండా సైన్స్‌కు రాసిచ్చిన జాకబ్‌సెన్ కథ

తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది. పప్పులో ప్రొటీన్ ఎంతుందో ల్యాబుల్లో తేల్చే పద్ధతుల్లో ఒకటి కెల్డాల్ పద్ధతి. పాతదే అయినా ఇప్పటికీ నడుస్తోంది. ఇక వికారాబాద్ రైతు పొలం మట్టిని పరీక్షకు ఇస్తే రిపోర్టులో పీహెచ్ అని ఒక అంకె కనిపిస్తుంది కదా.. ఈ రెండూ పుట్టింది ఒకే చోట. అదేదో యూనివర్సిటీ అనుకుంటే పొరపాటే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబ్ అది. ఆ ల్యాబ్ పెట్టిన వ్యాపారి జాకబ్ క్రిస్టియన్ జాకబ్‌సెన్. కార్ల్స్‌బర్గ్ బీరు ఆయనదే.

1811 సెప్టెంబర్ 2న పుట్టారు. తండ్రి క్రిస్టెన్‌ది కూడా బీరు తయారీనే. 1835లో తండ్రి పోయాక పని మొత్తం జాకబ్‌సెన్ మీద పడింది. పెద్ద చదువులు లేవు. కానీ కరెంటుకు, అయస్కాంతానికి సంబంధం ఉందని కనిపెట్టిన ఓర్‌స్టెడ్ లెక్చర్లు వెళ్లి వినేవారు. సైన్స్ పిచ్చి అక్కడే పట్టుకుంది.

పొద్దున చెట్టు దిగిన కల్లు మధ్యాహ్నానికి పులిసిపోతుందని మన దగ్గర చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ పని చేసేది ఈస్ట్. బీరుకూ అదే ప్రాణం. 1845లో జాకబ్‌సెన్ జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి అక్కడి ఈస్ట్‌ను రెండు డబ్బాల్లో తెచ్చుకున్నారు. గుర్రపు బండిలో వందల కిలోమీటర్ల ప్రయాణం. వేడికి ఈస్ట్ చచ్చిపోతుందని బండి ఆగిన ప్రతిచోటా దిగి డబ్బాలపై చల్లటి నీళ్లు పోశారట. 1847లో ఊరి బయట గుట్ట మీద కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. కొడుకు పేరు కార్ల్, బర్గ్ అంటే గుట్ట. అలా కార్ల్స్‌బర్గ్ అయ్యింది.

డబ్బు బాగా వచ్చింది. 1859లో ఫ్రెడరిక్స్‌బోర్గ్ రాజకోట కాలిపోతే మళ్లీ కట్టడానికి, అందులో మ్యూజియం పెట్టడానికి భారీగా ఖర్చు పెట్టారు. 1875లో ల్యాబ్ పెట్టారు. మరుసటి ఏడాదే 10 లక్షల క్రోనర్లతో ఫౌండేషన్. దాన్ని నడిపే ఐదుగురిని ఎన్నుకునేది డెన్మార్క్ సైన్స్ అకాడమీ. ల్యాబ్‌లో ఏం కనిపెట్టినా దాచొద్దు, లోకానికి చెప్పాల్సిందేనన్నది ఆయన పెట్టిన రూల్.

ఆ రూల్‌కు అసలు పరీక్ష 1883లో వచ్చింది. బీరు పాడైపోతుంటే కారణం ఏంటా అని ల్యాబ్‌లోని హాన్సెన్ వెతికారు. మంచి ఈస్ట్‌లో అడవి ఈస్ట్ కలుస్తోందని తేల్చారు. ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపించారు. దాన్ని దాచుకుంటే మార్కెట్ మొత్తం జాకబ్‌సెన్ చేతిలో ఉండేది. ఆయన మాత్రం పోటీ కంపెనీలకు కూడా ఫ్రీగా పంచేశారు. కెల్డాల్ తన పద్ధతిని బయటపెట్టింది కూడా ఆ ఏడాదే. పీహెచ్ స్కేల్ మాత్రం తర్వాత, 1909లో అదే ల్యాబ్‌లో సోరెన్‌సెన్ తెచ్చారు.

ఊరికి ఇంత పంచిన మనిషి ఇంట్లో మాత్రం రాజీ పడలేకపోయారు. కొడుకు కార్ల్‌కు పక్కనే ఒక ఫ్యాక్టరీ అప్పగించారు. కార్ల్ ఎక్కువ బీరు, త్వరగా తయారు చేయాలనేవాడు. తండ్రికేమో నాణ్యత ముఖ్యం. గొడవ ముదిరి కొడుకును అక్కడి నుంచి ఖాళీ చేయించారు. కార్ల్ పక్కనే న్యూ కార్ల్స్‌బర్గ్ అని సొంత ఫ్యాక్టరీ పెట్టేశాడు. మధ్యలో ఉన్న రోడ్డుకు ఇద్దరూ చెరో పేరుతో బోర్డులు పెట్టుకునే దాకా వెళ్లింది వ్యవహారం! 1882లో తండ్రి వీలునామా రాశారు. తన తర్వాత ఫ్యాక్టరీ కొడుక్కి కాదు, ఫౌండేషన్‌కే. సైన్స్ మీద ప్రేమ ఎంతో, కొడుకు మీద కోపం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

1886లో తండ్రీకొడుకులు మళ్లీ కలిశారు. మరుసటి ఏడాది కార్ల్ కుటుంబంతో గడపడానికి రోమ్ వెళ్లిన జాకబ్‌సెన్ అక్కడే జబ్బుపడి, ఏప్రిల్ 30న కన్నుమూశారు. విచిత్రం ఏంటంటే, 1902లో కార్ల్ కూడా తన ఫ్యాక్టరీని కళల కోసం పెట్టిన ఫౌండేషన్‌కు రాసిచ్చేశాడు. 1906లో రెండు ఫ్యాక్టరీలూ ఒక్కటయ్యాయి. కోపెన్‌హాగన్ వెళ్లిన టూరిస్టులు సెల్ఫీలు దిగే జలకన్య విగ్రహం కూడా కార్ల్ చేయించిందే.

జాకబ్‌సెన్ ఉన్న బంగ్లాను ఆయన వీలునామా ప్రకారం దేశంలోని గొప్ప మేధావికి ఉండటానికి ఇస్తూ వచ్చారు. అణువు గుట్టు విప్పి నోబెల్ అందుకున్న నీల్స్ బోర్ 1932లో అందులోకి మారారు. 1962లో చనిపోయే వరకు ఆ ఇంట్లోనే ఉన్నారు.