జీతాల కోసం తాకట్టుకెళ్లిన వజ్రం

మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాం. అమ్మకో నాన్నకో బదిలీ కాగితం రాగానే పెట్టే బేడా సర్దుకుని టాటానగర్ స్టేషన్‌లో దిగినవాళ్లం మనం. మూడు నాలుగేళ్లు గడిస్తే మళ్లీ అదే స్టేషన్‌లో రైలెక్కుతాం. ఊరు వదిలే ముందు రోజుల్లో మనకో చిన్న పరీక్ష ఎదురవుతుంది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం, స్నేహితుడి దగ్గర తీసుకున్న జామెట్రీ బాక్సు, కిరాణా కొట్టులో రాయించిన ఇరవై రూపాయల అప్పు... ఇవేవీ తీర్చకుండా వెళ్లిపోయినా ఎవరూ మన వెంటపడి రారు. అలాంటప్పుడు ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

మనం ఉంటున్న ఈ జంషెడ్‌పూర్ చరిత్రలో ఒక పెద్దమనిషికి ఇలాంటి పరీక్షే వచ్చింది. కాకపోతే అక్కడ తీర్చవలసింది ఇరవై రూపాయలు కాదు, వేలమంది కార్మికుల జీతాలు. ఆయన పేరు దొరాబ్జీ టాటా.

దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో పుట్టారు. జంషెడ్జీ టాటా పెద్ద కొడుకు. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో కొంతకాలం చదివి, తిరిగి వచ్చి బొంబాయిలో డిగ్రీ పూర్తి చేశారు. వెంటనే తండ్రి వ్యాపారంలో చేరలేదు. ఒక వార్తాపత్రికలో రెండేళ్లు పనిచేశారు. ఆటలంటే ఆయనకు ప్రాణం. తర్వాతి కాలంలో, 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కు మన క్రీడాకారులను పంపడానికి సొంత డబ్బు ఖర్చు పెట్టారు. భారత ఒలింపిక్ సంఘానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. 1898లో మెహెర్‌బాయిని పెళ్లి చేసుకున్నారు. అణుశాస్త్రవేత్త హోమీ భాభాకు ఆమె మేనత్త.

మన దేశంలో ఉక్కు తయారు కావాలన్నది జంషెడ్జీ కల. ఫ్యాక్టరీకి స్థలం కూడా దొరకకముందే, 1902లో, ఆయన కొడుక్కి ఒక ఉత్తరం రాశారు. కట్టబోయే ఊళ్లో రోడ్లు విశాలంగా ఉండాలని, వాటి పక్కన నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలకూ తోటలకూ చోటు వదలాలని, అన్ని మతాలవారి ప్రార్థనా స్థలాలకూ జాగా ఉంచాలని అందులో చెప్పారు. రెండేళ్లకే, 1904లో, జర్మనీలో కన్నుమూశారు. ఊరు లేదు, ఫ్యాక్టరీ లేదు. మిగిలింది కొడుకు చేతిలో ఉన్న ఆ బాధ్యత ఒక్కటే.

దొరాబ్జీ ఇనుప ఖనిజం కోసం నిపుణులతో కలిసి మధ్య భారతంలోని అడవుల్లో తిరిగారు. చివరికి భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్.బోస్ ఇచ్చిన సమాచారంతో మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఖనిజం దొరికింది. 1907లో కంపెనీ ఏర్పడింది. కావలసిన పెట్టుబడిని మన దేశ ప్రజలే, వేలమంది, వాటాలు కొని సమకూర్చారు. సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చి అనే చిన్న గ్రామం దగ్గర ఫ్యాక్టరీ లేచింది. 1912లో మొదటి ఉక్కు వచ్చింది. ఆ ఏడాదే రోజుకు ఎనిమిది గంటల పని అనే నియమం పెట్టారు. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కష్టకాలం వచ్చింది. ఫ్యాక్టరీ విస్తరణకు చాలా డబ్బు ఖర్చయింది. విదేశాల నుంచి చవక ఉక్కు వచ్చిపడింది. ధరలు దిగజారాయి. 1924లో ఒకరోజు జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి టెలిగ్రాం వెళ్లింది. జీతాలు ఇవ్వడానికి డబ్బు లేదన్నది దాని సారాంశం.

ఇక్కడ మనం ఒక సంగతి తెలుసుకోవాలి. కంపెనీ పేరు చివర లిమిటెడ్ అని ఉంటుంది కదా. కంపెనీ నష్టపోతే వాటాదారులు తాము పెట్టిన సొమ్ము మాత్రమే కోల్పోతారని దాని అర్థం. వాళ్ల ఇంటినీ నగలనూ ఎవరూ అడగరు. కాబట్టి దొరాబ్జీ కంపెనీని మూసేసి చేతులు దులుపుకున్నా చట్టం ఆయన్ని తప్పుపట్టదు. పైగా ఆయన ఉండేది ఇక్కడికి ఎంతో దూరంలోని బొంబాయిలో. జీతం అందని కార్మికుడి ముఖం ఆయన రోజూ చూడనక్కరలేదు. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య పేచీలు కూడా ఉండేవి. 1920లో, 1922లో ఇక్కడ సమ్మెలు జరిగాయి. తప్పుకోవాలనుకునేవారికి సాకులు కావలసినన్ని ఉన్నాయి.

దొరాబ్జీ ఒక్క సాకు కూడా వాడుకోలేదు. సుమారు కోటి రూపాయల విలువైన తన సొంత ఆస్తిని ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. నేటి స్టేట్ బ్యాంకుకు పాత పేరు అదే. ఆ ఆస్తిలో మెహెర్‌బాయి ధరించే జూబిలీ వజ్రం కూడా ఉంది. దాని బరువు 245 క్యారెట్లు. ఇప్పటి కోహినూరు కంటే రెట్టింపు పైనే. ఇష్టంగా భార్యకు కొనిపెట్టిన వజ్రం అది. దాన్ని ఇవ్వడంలో ఆమె త్యాగం కూడా ఉందని మనం మరిచిపోకూడదు.

జీతాలు అందాయి. విదేశీ ఉక్కుపై ప్రభుత్వం సుంకం వేయడం కూడా కలిసివచ్చి, కంపెనీ మెల్లగా కోలుకుంది. అప్పు తీరింది. ఫ్యాక్టరీ నిలిచింది, దానితోపాటు ఊరూ నిలిచింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు ఫ్యాక్టరీ మూతపడి ఉంటే బిష్టుపూర్‌లో, కద్మాలో మనకు ఇన్ని తెలుగు మాటలు వినబడేవి కావేమో.

1931లో మెహెర్‌బాయి రక్త క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ దంపతులకు పిల్లలు లేరు. మరుసటి ఏడాది దొరాబ్జీ తన ఆస్తినంతా ప్రజల మేలు కోసం ఒక ట్రస్టుకు రాసిచ్చారు. ముత్యం పొదిగిన టై పిన్ను కూడా మిగుల్చుకోలేదు. భార్య పేరిట రక్త క్యాన్సర్ పరిశోధనకు మరో ట్రస్టు పెట్టారు. ఆమె తొలి వర్ధంతికి ఇంగ్లండులోని సమాధిని చూడాలని బయలుదేరి, దారిలో జర్మనీలో 1932 జూన్ 3న కన్నుమూశారు. ఆమె పక్కనే ఆయన్ని ఉంచారు. తర్వాత ఆ వజ్రాన్ని అమ్మేశారు. ఆయన ట్రస్టు సాయంతో 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. మన జంషెడ్‌పూర్‌లో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రికి మెహెర్‌బాయి పేరే ఉంది.

మన దగ్గర వజ్రాలు లేవు, మనల్ని ఎవరూ కోటి రూపాయలు అడగరు. అయినా చట్టం అడగకపోయినా, అడిగేవాళ్లు దూరంగా ఉన్నా బాకీ బాకీయేనని ఆయన జీవితం మనకు చెబుతోంది. మనం చాలా ఊళ్లు మారతాం. ప్రతిచోటా మనం కొత్తవాళ్లమే, పాత ఊరి మంచిపేరు వెంట రాదు. కానీ వదిలి వచ్చిన ఊళ్లో మన గురించి ఒక మాట మిగులుతుంది. అందుకే ఈసారి బదిలీ కాగితం రాగానే, సామాన్లు కట్టకముందే, బల్ల మీదున్న లైబ్రరీ పుస్తకం తీసుకెళ్లి ఇచ్చేసి వద్దాం.