డేవ్ డెబుషర్

డేవ్ డెబుషర్ (అక్టోబర్ 16, 1940 - మే 14, 2003) అమెరికాకు చెందిన ప్రముఖ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఇతని పూర్తిపేరు డేవిడ్ ఆల్బర్ట్ డెబుషర్. నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్.బి.ఏ.) పోటీలలో 1970, 1973 సంవత్సరాలలో విజేతగా నిలిచిన న్యూయార్క్ నిక్స్ జట్టులో ఇతడు ముఖ్యుడు. ఆ జట్టులో తారలుగా వెలుగొందినవారు విల్లిస్ రీడ్, వాల్ట్ ఫ్రేజియర్. వారికి అండగా నిలిచి, జట్టుకు ఏ లోటు ఉంటే ఆ లోటును పూరించిన బహుముఖ క్రీడాకారుడిగా డెబుషర్ పేరుపొందాడు.

బాల్యం, తొలి క్రీడా జీవితం

డెబుషర్ మిచిగాన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. డెట్రాయిట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. బాస్కెట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్‌లోనూ రాణించాడు. 1962, 1963లలో షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు తరఫున పిచర్‌గా 36 మ్యాచ్‌లు ఆడాడు. 1962లోనే డెట్రాయిట్ పిస్టన్స్ బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. 1964లో, 24 ఏళ్ళ వయసులో, ఆడుతూనే ఆ జట్టుకు శిక్షకుడు కూడా అయ్యాడు. ఎన్.బి.ఏ. చరిత్రలో అతి పిన్నవయస్కుడైన శిక్షకుడు ఇతడే. అయితే ఈ ప్రయోగం ఫలించలేదు. ఇతని శిక్షణలో జట్టు 79 మ్యాచ్‌లు గెలిచి 143 ఓడిపోయింది. 1967లో ఆ బాధ్యత నుండి తప్పుకొని ఆటకే పరిమితమయ్యాడు.

న్యూయార్క్ నిక్స్ జట్టులో

1968 డిసెంబరు 19న నిక్స్ జట్టు వాల్ట్ బెల్లమీ, హోవర్డ్ కొమైవ్స్ అనే ఇద్దరిని పిస్టన్స్‌కు ఇచ్చి, బదులుగా డెబుషర్‌ను తీసుకుంది. అంతకుముందు సెంటర్ స్థానంలో బెల్లమీ ఉన్నందువల్ల, సహజంగా సెంటర్ అయిన రీడ్ ఫార్వర్డ్‌గా ఆడవలసి వచ్చేది. ఈ మార్పుతో రీడ్ తన స్థానానికి తిరిగివచ్చాడు, డెబుషర్ ఫార్వర్డ్ స్థానాన్ని భర్తీ చేశాడు. కొమైవ్స్ వెళ్ళిపోవడంతో గార్డ్‌గా ఫ్రేజియర్‌కు అవకాశాలు పెరిగాయి. ఈ విధంగా ఒక్క ఆటగాడి రాకతో మరి ఇద్దరి ఆట మెరుగుపడింది. ఆ సీజన్‌లో అప్పటివరకు 35 మ్యాచ్‌లలో 18 మాత్రమే గెలిచిన జట్టు, మిగిలిన 47 మ్యాచ్‌లలో 36 గెలిచింది. తరువాతి సీజన్‌లో వరుసగా 18 విజయాలు సాధించి అప్పటికి రికార్డు నెలకొల్పింది.

1970 ఫైనల్ ఐదవ మ్యాచ్‌లో లాస్ ఏంజలెస్ లేకర్స్‌పై ఆడుతూ రీడ్ గాయపడ్డాడు. దానితో, తనకంటే ఎంతో పొడగరి అయిన విల్ట్ చాంబర్లెయిన్‌ను అడ్డుకొనే పని డెబుషర్‌తో సహా ఇతర ఆటగాళ్ళపై పడింది. వెనుకబడిన స్థితి నుండి కోలుకొని నిక్స్ ఆ మ్యాచ్ గెలిచింది. చివరకు 4-3 తేడాతో తొలిసారి ఎన్.బి.ఏ. విజేత అయింది.

ఆటతీరు

డెబుషర్ ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు. ప్రత్యర్థి జట్టులోని బలమైన ఫార్వర్డ్‌ను కట్టడి చేయడం, గురితప్పిన బంతిని అందుకోవడం (రీబౌండ్), దూరం నుండి బుట్టలో వేయడం ఇతని ప్రత్యేకతలు. మ్యాచ్‌కు సగటున 16.1 పాయింట్లు, 11 రీబౌండ్లు సాధించాడు. ఎన్.బి.ఏ. ఉత్తమ రక్షణ ఆటగాళ్ళ మొదటి జట్టుకు 1969 నుండి 1974 వరకు వరుసగా 6 సార్లు ఎంపికయ్యాడు. 8 సార్లు ఆల్-స్టార్ మ్యాచ్‌లో ఆడాడు.

చివరి దశ

1974లో ఆట నుండి విరమించాడు. 1975లో అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌కు కమిషనర్ అయ్యాడు. 1976లో ఆ సంస్థకు చెందిన 4 జట్లు ఎన్.బి.ఏ.లో చేరడంతో సంస్థ ముగిసింది. దాని చివరి కమిషనర్ ఇతడే. 1980లలో నిక్స్ జట్టు నిర్వహణ బాధ్యతలు కూడా చేపట్టాడు. 1985లో పాట్రిక్ యూయింగ్ ఆ జట్టుకు వచ్చింది ఇతని హయాంలోనే.

నిక్స్ జట్టు ఇతని గౌరవార్థం 22వ నంబరును మరెవరికీ కేటాయించకుండా పక్కన పెట్టింది. 1983లో ఇతనికి బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 1996లో ఎన్.బి.ఏ. ప్రకటించిన 50 మంది మేటి ఆటగాళ్ళ జాబితాలోనూ ఇతని పేరు ఉంది. 2003 మే 14న న్యూయార్క్‌లో గుండెపోటుతో, 62 ఏళ్ళ వయసులో మరణించాడు.