వెలుతురును కంటితో తూచిన రాజా దీనదయాళు

ఛాయాచిత్రమునకు ప్రాణము వెలుతురు. అది హెచ్చినచో చిత్రము వెలవెలబోవును. తగ్గినచో చీకటి క్రమ్మును. వెలుతురును కొలుచు విద్యుద్యంత్రములు పుట్టుటకు ఎంతో పూర్వమే, కంటిచూపుతో దానిని తూచి శాశ్వతకీర్తి గడించిన కళానిధి రాజా దీనదయాళు.

ఆయన 1844లో మీరట్ సమీపమందలి సర్ధానాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇండోరు నగరమున ప్రభుత్వ నిర్మాణశాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. 1874 ప్రాంతమున ఛాయాగ్రహణమునందు ఆయన దృష్టి నిలిచెను. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేలుఖండమున పర్యటించి, పురాతన కట్టడముల చిత్రములు తీసెను. అవి 1886లో గ్రంథరూపమున వెలువడెను.

పిమ్మట ఉద్యోగము విడిచి, సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, ముసవ్విర్ జంగ్ బిరుదుతో సత్కరించెను. 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేక చిత్రశాల వెలసెను. అందు చిత్రములు తీయు బాధ్యత ఒక ఆంగ్లవనితది. 1897లో విక్టోరియా రాణి రాజముద్రాంకిత గౌరవము లభించెను.

ఆ కాలమున ఈ విద్య మిక్కిలి కష్టసాధ్యము. తొలుత గాజుపలకకు మందు పూసి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే కడుగవలసి యుండెను. తరువాత పొడిపలకలు వచ్చినను, వెలుతురు నెంతసేపు లోనికి విడువవలయునో నిర్ణయించుట ఛాయాగ్రాహకుని వంతే. పట్టికలు కొంత తోడ్పడినను, తుదితీర్పు కంటిదే. పైగా నాటి సాధారణ పలకలకు ఎరుపు కానరాదు. ఒంగోలు ప్రాంతపు మిరపకల్లము వానిపై నల్లనిరాశిగా పడును, నీలాకాశము తెల్లబోవును. తెల్లని అంగరఖా, చామనచాయ మోము, మెరయు రత్నహారము ఒకే పలకపై పొందుగా నిలుపుటకు ఎంతటి అనుభవము కావలయునో ఊహింపవచ్చును.

యంత్రములు తరువాత వచ్చెను. 1935లో జైస్ ఐకాన్ సంస్థవారు కాంటాఫ్లెక్స్ అను జంటకటకముల రిఫ్లెక్స్ కెమెరాలోనే సెలీనియపు కాంతిమాపకమును అమర్చిరి. వెలుతురు సోకగా సెలీనియమునందు విద్యుత్తు పుట్టి, ముల్లు కదలును. 1963లో జపానువారి టాప్‌కాన్ రిఫ్లెక్స్ కెమెరా, చిత్రము తీయు కటకమునుండి వచ్చిన కాంతినే కొలిచెను.

అయినను ఆ యంత్రమునకు వస్తుజ్ఞానము లేదు. ఎదుట నున్నదెల్ల బూడిదవన్నెదే యని దాని లెక్క. తెల్లని ఒంగోలు గిత్తను చూపినచో, వెలుతురు హెచ్చినదని భ్రమించి తగ్గింపజేయును. గిత్త బూడిదరంగున పడును. నల్లగేదెను చూపినచో వెలుతురు పెంచి, దానినిగూడ బూడిదవన్నెకే తెచ్చును. గిత్తకు ఒక మెట్టు హెచ్చించవలయుననియు, గేదెకు తగ్గించవలయుననియు తెలిసికొనవలసినవాడు మనుష్యుడే. ఆ తెలివి దీనదయాళునకు అభ్యాసమువలన అబ్బినది.

1905 జూలై 5న ఆయన దివంగతుడయ్యెను. ఆయన చిత్రశాలకు చెందిన 2,800కు పైబడిన గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించి భద్రపరచిరి. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్ల వెలువరించినది. యంత్రము చూపు అంకెను గ్రుడ్డిగా నమ్మక, ఎదుటి వస్తువును తేరిపార చూచు అలవాటు విద్యార్థులకు ఆయన జీవితమునుండి అలవడవలయును.