గోఖలే జీవితంలో రెండు సాక్ష్యాలు

మహాత్మాగాంధీకి రాజకీయ గురువుగా ప్రసిద్ధికెక్కిన గోపాలకృష్ణ గోఖలే 1897లో లండన్‌లో ఉండగా రెండు విషయాలపై మాట్లాడారు. ఒకదానికి ఆధారాలు వెంట తీసుకువెళ్లారు, రెండోదానికి మిత్రుల ఉత్తరాలను నమ్ముకున్నారు. మొదటిది ఆయనకు కీర్తి తెస్తే, రెండోది తలవంపులు తెచ్చింది. ఆ తర్వాతి ప్రజాజీవితమంతా ఆ అనుభవం నేర్పిన పాఠానికి కట్టుబడి సాగింది.

గోఖలే 1866 మే 9న రత్నగిరి జిల్లా కోట్లుక్ గ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, అన్న సంపాదనతో చదువు సాగించి 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి పట్టభద్రులయ్యారు. అనంతరం పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే శిష్యరికంలో ప్రభుత్వ నివేదికలను, జమాఖర్చుల పట్టికలను చదివి విశ్లేషించే విద్య ఆయనకు అబ్బింది.

భారతదేశ వ్యయంపై విచారణకు ఏర్పాటైన వెల్బీ కమిషన్ ఎదుట సాక్ష్యమిచ్చేందుకు 1897లో ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. సైనిక వ్యయం, పన్నుల భారంపై సర్కారు లెక్కలనే ముందుంచి, సభ్యుల సుదీర్ఘ ప్రశ్నలను తట్టుకుని నిలబడ్డారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

అదే సమయంలో పుణెను ప్లేగు వణికిస్తోంది. రోగుల కోసం ఇళ్లు సోదా చేస్తున్న సైనికుల తీరుపై ప్రజల్లో ఆగ్రహం పెల్లుబికింది. సైనికులు మహిళలపై అత్యాచారానికి ఒడిగట్టారని మిత్రులు ఉత్తరాలు రాయగా, గోఖలే ఆ ఆరోపణను మాంచెస్టర్ గార్డియన్ పత్రిక ద్వారా బయటపెట్టారు. బ్రిటన్‌లో దుమారం చెలరేగింది. అదే ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై పుణెలో జరిగిన కాల్పులు కూడా పరిస్థితిని ఉద్రిక్తం చేశాయి.

స్వదేశానికి తిరిగివచ్చిన గోఖలే ఆధారాల కోసం ప్రయత్నించారు. ఉత్తరాల్లోని ఆరోపణ నిజమో కాదో తేలలేదు. దాన్ని రుజువు చేసే సాక్ష్యం మాత్రం ఆయన చేతికి అందలేదు. నిరూపించలేని మాటను పట్టుకుని వేలాడటం తగదని భావించి, ఆయన బేషరతుగా క్షమాపణ ప్రకటించారు. పాలకులు హేళన చేశారు, స్వజనం పిరికితనమని నిందించింది. ఆయన మౌనంగా ప్లేగు సహాయక చర్యల్లో నిమగ్నమయ్యారు.

ఆ తర్వాత గోఖలే నోట ఆధారం లేని మాట వినిపించడం అరుదు. కేంద్ర శాసనమండలి సభ్యుడిగా 1902 మార్చి 26న చేసిన తొలి బడ్జెట్ ప్రసంగమే అందుకు నిదర్శనం. ఖజానాలో మిగులు దేశ సౌభాగ్యానికి చిహ్నమని ప్రభుత్వం చెప్పుకుంటుండగా, అది కరవు బాధితులపై మోపిన అధిక పన్నుల ఫలితమని ప్రభుత్వ అంకెలతోనే ఆయన చూపారు. ఉప్పు పన్ను తగ్గించాలని ఏటా వాదించారు. మణుగుకు రెండున్నర రూపాయలుగా ఉన్న ఆ పన్ను 1903 నుంచి దశలవారీగా తగ్గి, 1907 నాటికి రూపాయికి చేరింది.

1905లో స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో సభ్యులకు ఐదేళ్ల శిక్షణను తప్పనిసరి చేశారు. అధ్యయనం, దేశపర్యటన అందులో భాగాలు. దేశాన్ని ఎరగనివారు దేశం పేరిట మాట్లాడరాదన్నది ఆయన నిశ్చయం.

వాస్తవాలు వెంట ఉన్నంత మాత్రాన విజయం దక్కుతుందని చెప్పలేం. 1911లో గోఖలే ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లుపై ప్రభుత్వం దేశవ్యాప్తంగా అభిప్రాయాలు సేకరించింది. వచ్చిన అభ్యంతరాలకు ఆయన సభలో సమాధానం చెప్పారు. అయినా అధికారుల ఆధిక్యం ఉన్న మండలి 1912 మార్చిలో 38–13 ఓట్లతో బిల్లును తిరస్కరించింది. బిల్లు వీగిపోయినా, నిర్బంధ ప్రాథమిక విద్య అనే అంశం దేశ రాజకీయాల్లో నిలిచిపోయింది.

1915 జనవరి 9న గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చారు. ఏడాదిపాటు దేశమంతా తిరిగి చూడాలని, అంతవరకు ప్రజాసమస్యలపై అభిప్రాయం వెల్లడించవద్దని గోఖలే ఆయన వద్ద మాట తీసుకున్నారు. ఫిబ్రవరి 19న, 48 ఏళ్ల వయసులోనే గోఖలే కన్నుమూశారు. గురువు లేకపోయినా శిష్యుడు మాట తప్పలేదు. మూడో తరగతి రైలు పెట్టెల్లో దేశాన్ని చూశారు.

1917లో చంపారన్‌లో గాంధీజీ నీలిమందు రైతుల వాంగ్మూలాలు వేల సంఖ్యలో నమోదు చేయించారు. ప్రతి రైతునూ న్యాయవాదులు గుచ్చిగుచ్చి ప్రశ్నించారు, ప్రశ్నలకు నిలవని వాంగ్మూలాలను పక్కన పెట్టారు. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో నిర్బంధ నీలి సాగు రద్దయింది. 1897లో లండన్‌లో గోఖలేకు కొరవడిన జాగ్రత్త ఇరవై ఏళ్ల తర్వాత చంపారన్ రైతుకు రక్షణగా నిలిచింది. సభలో చేయి ఎత్తే సభ్యుడికైనా, ఓటు వేసే పౌరుడికైనా ఆ జాగ్రత్త అవసరం తీరిపోలేదు.