మాటలాడు యంత్రమును సృజించిన జోసెఫ్ వైజన్‌బామ్

రోగికి మందెంత యవసరమో, తన బాధను వినువాడొకడుండుటయు నంతే యవసరము. నేడు మెదకు జిల్లాలోని టేక్మాల్ వంటి మండల కేంద్రమున నున్నవాడైనను, అర్ధరాత్రివేళ బిడ్డకు జ్వరము తగిలినచో చేతిలోని ఫోనుతో తెలుగుననే మొఱపెట్టుకొని సమాధానము పొందవచ్చును. బదులు చెప్పునది యంత్రము. దీనిని చాట్‌బాట్ అందురు. 2020 ఏప్రిలులో కోవిడ్ మహమ్మారి వ్యాపించుచున్న వేళ తెలంగాణ ప్రభుత్వము సైతము ప్రజలకు సమాచారము నందించుటకు వాట్సాప్‌లో నిట్టి యేర్పాటు చేసెను. ఈ మాటలాడు యంత్రములకు మూలపురుషుడు జోసెఫ్ వైజన్‌బామ్. తాను సృజించినదానిని గూర్చి తానే లోకమును హెచ్చరించుచు సగము జీవితము గడపిన యా మేధావి చరిత్ర మనకు తెలియదగినది.

వైజన్‌బామ్ 1923 జనవరి 8వ తేదీన జర్మనీ రాజధాని బెర్లిన్ నగరమున నొక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి జంతువుల తోళ్లతో దుస్తులు తయారుచేయు పనివాడు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిదప ఆ బాలుడు తాను చదువుచున్న పాఠశాలను వీడి యూదుల పాఠశాలలో చేరవలసివచ్చెను. 1936లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి డెట్రాయిట్ నగరము చేరెను. దేశము క్రొత్త, భాష క్రొత్త. గణితమునకు మాత్రము ఏ భాషతోను పనిలేదు. ఆ శాస్త్రమే యాతని నాకర్షించెను.

1941లో వేన్ విశ్వవిద్యాలయమున చేరిన కొలదికాలమునకే యుద్ధము వలన చదువాగిపోయెను. అమెరికా సైన్యపు వైమానిక విభాగమున వాతావరణ పరిశీలకుడుగా పనిచేసి, తిరిగివచ్చి, 1948లో బి.ఎస్., 1950లో ఎం.ఎస్. పట్టములు పొందెను. అచ్చటనే కంప్యూటరు నిర్మాణమున పాలుపంచుకొనెను. పిమ్మట జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరి, బ్యాంక్ ఆఫ్ అమెరికా చెక్కులను, ఖాతాలను యంత్రముచే లెక్కచూపించు ఎర్మా అను ఏర్పాటును నిర్మించినవారిలో నొకడయ్యెను. ఆ ప్రతిభయే యాయనను మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యునిగా నిలిపెను.

అచ్చట నాయన రచించి 1966 జనవరిలో ప్రకటించిన ప్రోగ్రామే ఎలైజా. బెర్నార్డ్ షా నాటకము పిగ్మేలియన్‌లో పూలమ్ముకొను పిల్లయొకతె గురువువద్ద నాగరికుల పలుకుబడి నేర్చును. ఆమె పేరే దీనికి పెట్టెను. ఎలైజా ధరించిన వేషములలో ప్రసిద్ధమైనది మానసిక వైద్యుని వేషము. కార్ల్ రోజర్స్ పద్ధతిని పాటించు వైద్యుడు సలహాల జోలికి పోక, రోగి మాటలనే ప్రశ్నలుగా మలచి యాతనిచేతనే మరింత చెప్పించును. కావున ఆ వేషము వేయు యంత్రమునకు లోకజ్ఞాన మేమియు నక్కఱలేదు. ఎదుటివాడు టైపుచేసిన వాక్యములో ముఖ్యపదమును వెదకును. నేను అన్నచోట నీవు అని మార్చి ప్రశ్నగా త్రిప్పియిచ్చును. తల్లి యను మాట కనబడినచో కుటుంబమును గూర్చి చెప్పుమనును. ఏ పదమును చిక్కనిచో, ఇంకను చెప్పుమని యూరకుండును. ఉన్నదంతయు నింతే.

కాని జనులు దానియెదుట మనసు విప్పిరి. నెలల తరబడి ఆ ప్రోగ్రాము తయారగుట కన్నులార చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో కొంత సంభాషించిన పిమ్మట, ఆయనను గదివెలుపలికి పొమ్మని కోరెను. అది వట్టి యంత్రమని యెఱిగియు నామె తన మాటలు అన్యులు వినరాదని తలచెను. ఇంతలో స్టాన్‌ఫర్డ్ మానసిక వైద్యుడు కెన్నెత్ కోల్బీ, సహచరులతో కూడి, వైద్యులు చాలని చోట్ల నిట్టి కంప్యూటరు గంటకు కొన్ని వందలమంది రోగులను చూడగలదని 1966లోనే వ్రాసెను. వినోదముగా మొదలైనది వైద్యమని పిలువబడుట వైజన్‌బామ్‌ను కలవరపఱచెను. రోగి దుఃఖమును అర్థముచేసికొనని దానిని వైద్యుని పీఠముపై నెట్లు కూర్చుండబెట్టుదు రని యాతని ప్రశ్న.

ఆ మథనమునకు ఫలితము 1976లో వెలువడిన కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్ అను గ్రంథము. లెక్కకట్టి తేల్చుట వేఱు, మంచిచెడ్డల నెంచి నిర్ణయించుట వేఱు. మొదటిది యంత్రమునకు సాధ్యము, రెండవది మానవుని బాధ్యత యని యందు వాదించెను. యంత్రము చేయగలిగినను దానికప్పగింపరాని పనులు కొన్ని కలవని ఆయన నిశ్చయము. కృత్రిమ మేధకు పేరుపెట్టిన జాన్ మెకార్థీ ఆ పుస్తకమును తీవ్రముగా విమర్శించెను. వైజన్‌బామ్ వెనుదీయలేదు. వియత్నాం యుద్ధమును నిరసించెను. శాస్త్రజ్ఞులు తమ విద్యను ఆయుధములకు ధారపోయుటను ఖండించెను. 1988లో ఉద్యోగవిరమణ చేసి, 1996లో జన్మస్థలమైన బెర్లిన్‌కు మరలివచ్చి, 2008 మార్చి 5న తన 85 యేండ్ల వయసున కన్నుమూసెను.

నేటి యంత్రములు ఎలైజావంటివి కావు. అపారమైన గ్రంథరాశి నుండి నేర్చినవి; రోగలక్షణములను వివరింపగలవు, మందుచీటీలోని మాటలకు అర్థము చెప్పగలవు. ఆసుపత్రికి దూరమున నున్న గ్రామీణునకు ఇది తృణీకరింపదగిన సాయము కాదు. ఐనను తప్పును సైతము తడబాటు లేకయే పలుకుట వాని స్వభావము. బిడ్డ నాడి పట్టలేవు, ఒంటివేడి చూడలేవు. గ్రామమునకు వచ్చు ఆశా కార్యకర్త మఱునాడు మరల వచ్చి బిడ్డ యెట్లున్నదని యడుగును. ఆ పలుకరింపులో పూచీ యున్నది. టేక్మాల్‌లో నొక తల్లి ఫోనులో చదివిన సలహాను నమ్మి 108కు పిలుపు నాలస్యము చేసినచో, ఆ యాలస్యమునకు జవాబుదారి యెవరు? మాటలాడు యంత్రమును మొదట నిర్మించినవాడు తన జీవితమంతయు నడిగిన ప్రశ్న సారాంశమిదియే. యంత్రమును వాడుకొందుము గాక. ఆ ప్రశ్నకు బదులు చెప్పు మనుష్యుడొకడు మాత్రము రోగిప్రక్కన నుండవలెను.