శాస్త్రం నేర్చిన కలం

సాహిత్యం హృదయానికి, శాస్త్రం మేధకు సంబంధించినవని, ఒకదానిని ఆశ్రయించినవారికి రెండవది అందదని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఇరవై ఏండ్ల ప్రాయంలో ఆ రెండింటిలో ఒకదానిని వదులుకోవలసి వస్తుందని తలచి, అంతర్మథనానికి లోనై, తుదకు రెండింటినీ సమన్వయించిన విదుషీమణి రేచల్ కార్సన్. ‘సైలెంట్ స్ప్రింగ్’ (నిశ్శబ్ద వసంతం) గ్రంథకర్త్రిగా ఆమె లోకానికి సుపరిచితురాలు. ఆ కృషికి బీజం పడింది మాత్రం ఆమె పట్టభద్రత కోసం చదివిన కళాశాలలోని జీవశాస్త్ర తరగతిలోనే.

రేచల్ కార్సన్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, స్ప్రింగ్‌డేల్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. తల్లిదండ్రులు మరియా, రాబర్ట్. ముగ్గురు సంతానంలో రేచల్ చివరిది. భూవసతి ఉన్నా కుటుంబానికి ఆదాయం అంతంతమాత్రమే. వివాహానికి పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసిన మరియా తన చిన్నకూతురిని వెంటబెట్టుకొని తోటలలోను, అడవులలోను తిరుగుతూ పక్షులను, పురుగులను, పూలను గుర్తించడం నేర్పింది. ఆ బాలికకు పుస్తకాలన్నా అంతే మక్కువ. 1918లో, పదకొండేండ్ల వయస్సులోనే, ‘సెయింట్ నికొలస్’ అనే బాలల పత్రికలో ఆమె రచన అచ్చయింది. నాటినుండి రచయిత్రి కావాలన్నదే ఆమె సంకల్పం.

ఆ సంకల్పంతోనే రేచల్ 1925లో పిట్స్‌బర్గ్ నగరంలోని పెన్సిల్వేనియా మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం ప్రధాన విషయంగా చేరింది. నేడు అది చాతమ్ విశ్వవిద్యాలయం. ఆమెకు లభించిన ఉపకార వేతనం వ్యయంలో కొద్ది భాగానికే సరిపోయేది. మరియా అదనంగా విద్యార్థులను చేర్చుకొని పియానో పాఠాలు చెప్పింది. ఇంటిలోని పింగాణీ పాత్రలను సైతం అమ్మింది. తల్లి పడుతున్న శ్రమను ఎరిగిన రేచల్ ఆడంబరాలకు దూరంగా ఉండి, చదువులోను రచనలోను నిమగ్నమైంది. కళాశాల పత్రికలో ఆమె రచనలు వెలువడుతుండగా అధ్యాపకులు ఆమెను భావి రచయిత్రిగానే భావించారు.

సాహిత్య విద్యార్థులు కూడా ఒక విజ్ఞానశాస్త్రాన్ని అభ్యసించాలన్నది ఆ కళాశాల నియమం. రెండవ సంవత్సరంలో రేచల్ జీవశాస్త్రాన్ని ఎన్నుకొంది. దానిని బోధించిన మేరీ స్కాట్ స్కింకర్ విద్యార్థినుల నుండి కఠోర పరిశ్రమను ఆశించే ఆచార్యురాలు. తల్లి వెంట తిరిగిన నాడు ప్రాణుల పేర్లూ రూపాలూ తెలిసిన రేచల్‌కు, ప్రయోగశాలలో వాటి అంతర్నిర్మాణం, జీవనవిధానం, పరస్పర సంబంధం అవగతం కాసాగాయి. ఒక ప్రాణి మనుగడ మరొక ప్రాణితో ముడివడి ఉన్నదన్న ఎరుక ఆమెను ముగ్ధురాలిని చేసింది.

ఆ ముగ్ధతే సంకటంగా పరిణమించింది. రెండు పడవలపై కాళ్లు మోపడం సాధ్యం కాదని ఆమె నమ్మింది. శాస్త్రరంగంలో స్త్రీలకు అవకాశాలు అత్యల్పం. బోధన తప్ప మరొక ఉపాధి దొరకడం దుర్లభం. చేతికందిన ప్రతిభను కాదని తెలియని మార్గాన నడవడం అవివేకమని హితులు భావించారు. నెలల తరబడి తర్కించుకొన్న పిదప, 1928 ఆరంభంలో, మూడవ సంవత్సరం మధ్యలో ఆమె జీవశాస్త్రానికి మారింది. రచనకు శాశ్వతంగా దూరమవుతున్నానన్న వేదనతోనే ఆ నిర్ణయం తీసుకొంది.

అదే ఏడాది స్కింకర్ పైచదువుకై కళాశాల విడిచి వెళ్లింది. రేచల్‌కు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించినా ధనాభావంచేత వెళ్లలేక, మిగిలిన ఏడాదిని అక్కడే పూర్తి చేసింది. తోటి విద్యార్థినులతో కలిసి విజ్ఞాన సంఘాన్ని స్థాపించి, దానికి గురువు పేరులోని తొలి అక్షరాలను గ్రీకు లిపిలో పెట్టుకొంది. 1929లో ఉన్నత శ్రేణిలో పట్టభద్రురాలైంది. ఆ వేసవిలో వుడ్స్ హోల్‌లోని సముద్ర జీవశాస్త్ర పరిశోధనాలయానికి వెళ్లి, అంతవరకు పుస్తకాలలో మాత్రమే ఎరిగిన సముద్రాన్ని తొలిసారిగా కన్నులారా దర్శించింది.

1932లో జాన్స్ హాప్‌కిన్స్ నుండి జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందింది. ఆర్థికమాంద్యం, కుటుంబభారం కారణంగా డాక్టరేట్ చదువును మధ్యలో విరమించవలసి వచ్చింది. 1935లో తండ్రి మరణించాడు. ఆ దశలో ప్రభుత్వ మత్స్యశాఖకు జలచరాలపై రేడియో ప్రసంగాలు రాసిపెట్టేవారు అవసరమయ్యారు. శాస్త్రం ఎరిగి, ఆకర్షణీయంగా రాయగలవారు అరుదు. ఆ బాధ్యత రేచల్‌కు దక్కింది. మరుసటి ఏడాది అదే శాఖలో జీవశాస్త్రజ్ఞురాలిగా స్థిరమైన ఉద్యోగం లభించింది. జీవశాస్త్రం తన కలాన్ని లాగివేయలేదని, ఆ కలానికి రాయదగిన వస్తువును ప్రసాదించిందని ఆమె అప్పుడు గ్రహించింది. 1951లో వెలువడిన ‘ది సీ అరౌండ్ అజ్’ విశేష ప్రజాదరణ పొంది, 1952లో జాతీయ గ్రంథ పురస్కారాన్ని అందుకొంది.

1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ వెలువడింది. డి.డి.టి. వంటి క్రిమిసంహారకాలు ప్రాణుల కొవ్వులో పేరుకొని, ఆహారంతోపాటు ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి చేరి, పక్షులను ఎట్లు నశింపజేస్తాయో ఆ గ్రంథం సోదాహరణంగా నిరూపించింది. ఆమె రసాయనాలన్నింటినీ నిషేధించమనలేదు. విచక్షణారహితమైన వినియోగాన్ని ఖండించింది. రసాయన పరిశ్రమ ఆమెను తీవ్రంగా దూషించింది. డాక్టరేట్ లేదని కొందరు ఆక్షేపించారు. అయితే 1963లో అధ్యక్షుడు కెనడీ శాస్త్ర సలహాసంఘం నివేదిక ఆమె హెచ్చరికలను బలపరచింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌తో కృశిస్తున్న ఆమె, వ్యాధిని బహిర్గతం చేయకుండానే సెనేట్ ఉపసంఘం ఎదుట సాక్ష్యమిచ్చింది. 1964 ఏప్రిల్ 14న కన్నుమూసింది. 1972లో అమెరికా ప్రభుత్వం డి.డి.టి. వాడకాన్ని చాలావరకు నిషేధించింది.

పరిశోధకుల నివేదికలలో ఉండిపోయిన సత్యాన్ని రేచల్ కార్సన్ సామాన్యుని చెవికి చేర్చింది. సత్యాన్ని పరీక్షించే శక్తి ఆమెకు జీవశాస్త్రం వలన, దానిని హృదయాలకు హత్తించే శక్తి సాహిత్యం వలన సిద్ధించాయి. ఇరవైయవ ఏట వదులుకొన్నాననుకొన్న విద్యయే ఆమె జీవితాంతం తోడు నిలిచింది.